మైనం తుకుడాల గిన్నె

ఈసారి సమాధుల పండుగకు నాకు మైనం తుకుడాలకే, అంటే విరిగిన ముక్కలకే, కరువొచ్చింది. ఏటా పండుగకు నాలుగు రోజుల ముందు మా గుడికి, అదే మా చర్చికి, వెళ్ళి, దీపాల బల్ల మీద కారి గడ్డకట్టిన మైనాన్ని చెంచాతో గీకి డబ్బాలో వేసుకుని తెచ్చుకోవడం నాకు అలవాటు. గుడి ఊడ్చే ఆమెకు కూడా అది అలవాటే, నేను కనబడగానే కొవ్వొత్తులు గుచ్చే ఇసుక పళ్ళెం నా ముందుకు జరుపుతుంది. ఈసారి వెళ్ళేసరికి పళ్ళెం లేదు, దాని చోట బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ కొవ్వొత్తులు బారులు తీరి నిలబడి, గాలి లేకపోయినా గాలికి ఊగుతున్నట్టు నటిస్తున్నాయి. గోడలకు మసి పడుతోందని, తివాచీ పాడవుతోందని మార్చారట. నేను ఊరుకోక ఒకదాన్ని ఉఫ్‌మని ఊది చూశాను. అది ఆరలేదు కానీ, వెంట వచ్చిన మా మనవరాలు మాత్రం గుడి అని కూడా చూడకుండా పకపకా నవ్వింది.

ఆ పిల్ల దారిలో ఇంకో మాట కూడా అడిగింది. అందరూ తమవాళ్ళ సమాధుల మీద ఇంతింత పొడుగు కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, తాతకు మాత్రం ఆ సొట్టలు పడ్డ సత్తుగిన్నెలో విరిగిన ముక్కలు పెట్టి వెలిగిస్తావెందుకు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అని. కారులో పది నిమిషాల్లో చెప్పే జవాబు కాదది. ఇరవై ఏళ్ళ పిల్లకు అసలు కరెంటు పోవడమంటే ఏమిటో చెబితే కదా మిగతాది అర్థమయ్యేది! మీరైతే నా ఈడువాళ్ళు, సాయంత్రం అన్నం గిన్నె ముందు కూర్చోగానే దీపం టప్పున ఆరిపోతే, గల్లీకి గల్లీ అంతా ఒక్క గొంతుతో "హో" అని అరవడం విన్నవాళ్ళు, కాబట్టి మీకు చెబుతాను.

నేను మాదన్నపేటకు కోడలిగా వచ్చింది అరవైల చివర. కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే వెనక వరండాలోకి వెళ్తే, బట్టలారేసే తాడు మీద తెల్లటి దారాలు బారుగా వేలాడుతున్నాయి. ఎవరో సేమ్యాలు ఆరబెట్టుకున్నారనుకుని, కాకులు ముట్టకుండా పైన చీర కప్పాను. మా అత్తమ్మ వచ్చి చూసి, నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. అవి వత్తులు. వెలిగారం కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండకు వేసిన మోంబత్తుల వత్తులు. పుస్తకాల్లో కొవ్వొత్తి అని రాస్తారు గానీ మా పాతబస్తీలో మోంబత్తి అంటేనే మనిషి తలెత్తి చూస్తాడు, కాబట్టి నేనూ ఇక ఆ మాటే వాడతాను.

మా అత్తమ్మ తండ్రి హుస్సేనీ ఆలం దగ్గర ఒక పెద్ద దేవిడీలో, అంటే నవాబుల భవంతిలో, దీపాల పని చూసేవాడట. ఆయన చిన్నతనంలో పనివాళ్ళ గదుల్లో పశువుల కొవ్వుతో చేసిన అసలు కొవ్వొత్తులే వెలిగేవట, పేరుకు తగ్గట్టు నీచు వాసన, పైగా ఎలుకల బెడద. దివాన్‌ఖానాలోని దీపగుచ్ఛాలకు మాత్రం అడవి తేనెపట్ల నుంచి తీసిన మైనం వచ్చేది. వత్తులను గుండ్రటి కట్టెచట్రానికి వేలాడదీసి, చట్రాన్ని తిప్పుతూ, ఒక్కో వత్తి మీద గరిటెతో కరిగిన మైనం పోస్తూ, ఆరాక మళ్ళీ పోస్తూ లావు చేసేవారు. వెలిగించాక కూడా పని తీరేది కాదు. వత్తి కొస కాలి పెరిగిపోయి పొగ పెడుతుంది కనుక, గుల్‌గీర్ అనే ప్రత్యేకమైన కత్తెర పట్టుకుని ఒక మనిషి రాత్రంతా తిరుగుతూ కొసలు కత్తిరించాలి, అదీ ఆయన ఉద్యోగం. తరవాత వెలిగారం వత్తి వచ్చింది, తనంతట తానే వంగి బూడిదైపోవడం నేర్చుకుంది, గుల్‌గీర్ మూలపడింది. భూమిలోంచి తోడే నూనె నుంచి తీసిన తెల్లమైనం, దాన్ని పోసే అచ్చులు వచ్చాయి, తేనెమైనం మూలపడింది. చివరికి దేవిడీకి కరెంటు వచ్చి ఆయన్నే మూలపెట్టింది. వెళ్ళేటప్పుడు వాళ్ళిచ్చిన తగరపు అచ్చులను ఆయన కూతురికి అరణంగా పంపాడు. ఆ అచ్చులతోనే మా అత్తమ్మ మాదన్నపేట వరండాలో మోంబత్తులు పోసింది, నాకూ నేర్పింది.

నేర్పడమంటే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పడం కాదు, తప్పు చేస్తే చెయ్యి మీద ఒక్కటి వెయ్యడం. మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, నీళ్ళున్న పెద్ద గిన్నెలో దించి కరిగించాలి, పొగ వచ్చిందంటే మైనం చెడినట్టే. అచ్చు లోపల నూనె గుడ్డతో తుడవాలి, వత్తిని వీణతీగలా బిగించాలి, సడలితే మంట ఒక పక్కకు పోయి మైనమంతా కన్నీళ్ళ కింద కారిపోతుంది. మైనం ఆరుతూ కుంచించుకుపోతుంది కాబట్టి పైన గుంట పడుతుంది, అది చూసుకుని రెండోసారి పోయాలి. ఆ రెండో పోత పోయనివాళ్ళను మా అత్తమ్మ మనుషుల్లో జమ కట్టేది కాదు. ఎండాకాలంలో గట్టిమైనం పాళ్ళు పెంచేది, చలికాలంలో తగ్గించేది, ఏ నెలలో ఎంతో ఆమె అరచేతికే తెలుసు. రెండేళ్ళు తిరిగేసరికి నా అరచేతికీ తెలిసింది. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, మే నెల ఎండలో కూడా నా మోంబత్తి నిటారుగా నిలబడేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మేము పోసిన మోంబత్తి మా ఇంట్లో నిండుగా వెలిగించకూడదు. కరెంటు పోతే విరిగినవి, వంకరవి, అచ్చు అంచుల్లో గీకిన ముక్కలు సత్తుగిన్నెలో వేసి, మధ్యలో ఒక వత్తి ముక్క గుచ్చి ముట్టించేవాళ్ళం. కొత్తలో నేను తెలియక చక్కటి మోంబత్తి ఒకటి తీసి అగ్గిపుల్ల గీస్తుంటే, అత్తమ్మ నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

"మిఠాయి చేసెటోడు మిఠాయి తింటడా? మనింట్ల బతికున్నోళ్ళకు తుకుడాలు, పోయినోళ్ళకే నిండుది. యాదికి పెట్టుకో పిల్లా."

ఆ ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే, అచ్చులోంచి వచ్చిన వాటిలో అన్నిటికన్నా మంచిది ఏరి తలాపున వెలిగిస్తారు, అదొక్కటే నిండు మోంబత్తి. అది తెలిశాక నేను మళ్ళీ ఎప్పుడూ పొరపాటు చేయలేదు.

ఇక మా ఆయన సంగతి. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. వినగానే మీకు నవ్వొచ్చి ఉంటుంది, మా గల్లీకి కూడా అలాగే వచ్చేది. భర్త కరెంటు తీస్తాడు, భార్య మోంబత్తి అమ్ముతుంది, దేవుడు కలిపిన జంట అని ఏడిపించేవాళ్ళు. ఆయన సైకిల్ మీద నిచ్చెన పెట్టుకుని వెళ్తుంటే, ఇవాళ ఎవరింట్లో చీకటి అని పిల్లలు వెంటపడేవాళ్ళు. ఆయన కూడా తక్కువ తినలేదు, మీ ఇంట్లోనే అని జవాబిచ్చి గంట కొట్టుకుంటూ పోయేవాడు. వానలో స్తంభం ఎక్కి తీగ సరిచేసి, తడిసి ముద్దై వచ్చి, ఆ గిన్నె దీపం ముందు కూర్చుని అన్నం తినేవాడు. ఆ మసక వెలుగులో ఆయన ముఖం చూస్తే నాకు కడుపు నిండిపోయేది, ఈ వయసులో చెప్పడానికి సిగ్గెందుకు.

ఆ నవ్వులాట విషమైంది డెబ్బైల్లో ఒక ఎండాకాలం మొదట్లో. గల్లీ పిల్లలకు టెన్త్ పరీక్షలు దగ్గరపడుతున్న రోజులు. ఒక సాయంత్రం అన్నం తింటూ ఆయన, గల్లీ మొదట్లోని ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారుస్తోందని, అదేపనిగా గుర్రుమంటోందని, ఆఫీసులో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిందని, అది ఇంకెన్నాళ్ళో బతకదని అన్నాడు. ఆయన తన బాధ చెప్పుకున్నాడు. నేను మర్నాడు పొద్దున్నే మైనం పలకలు తెప్పించి రోజూ పోసేదానికి రెండింతలు పోశాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు, అందులో తప్పుందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ట్రాన్స్‌ఫార్మర్ ఆయన చెప్పినట్టే ఢామ్మని పోయింది. కొత్తది రావడానికి రోజులు పడుతుందన్నారు. గల్లీలో కిరాణా కొట్టు శేటు దగ్గరున్న బజారు మోంబత్తులు అప్పటికే ఎండకు వంగి, ఒకదానికొకటి దండం పెట్టుకుంటున్నాయి. జనం మా గుమ్మానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకూ నేను తీసి ఇస్తూనే ఉన్నాను, గూట్లో ఇంకా ఉన్నాయి. అప్పుడు శేటు తన కొట్టు ముందు నిలబడి నలుగురూ వినేట్టు ఒక ప్రశ్న వేశాడు. పోయేది రేపని వీళ్ళకు ఇవాళే ఎట్లా తెలిసింది, ఇన్ని మోంబత్తులు ముందే ఎందుకు పోసిపెట్టుకున్నారు అని. ప్రశ్నకు కాళ్ళుంటాయి. సాయంత్రానికి అది మాదన్నపేట మార్కెట్ దాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నగా కాక జవాబుగా వచ్చింది. లైన్‌మనే ట్రాన్స్‌ఫార్మర్ కాల్చాడు, భార్య మోంబత్తులు అమ్ముకోవడానికి. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు, నిన్నటిదాకా మా గుమ్మంలో కూర్చుని చాయ్ తాగినవాళ్ళే.

ఎవరో ఆఫీసుకు వెళ్ళి చెప్పారు కూడా. పై అధికారి ఆయన్ను పిలిపించి, ఇంట్లో ఆ వ్యాపారం మానిపించు, లేదంటే ఎక్కడో జిల్లా చివరి అడవి లైన్లకు బదిలీ తప్పదు అన్నాడట. ఆ రోజు మా ఆయన నిచ్చెన గోడకు ఆనించి, చేతులు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. బదిలీకి భయపడే మనిషి కాదు. కానీ తను ఎక్కిన స్తంభాల కింద నిలబడినవాళ్ళే తనను దొంగ అన్నారని ఆయన గుండె తరుక్కుపోయింది.

"మూసెయ్యే. నాకు పైసలు గాదు, పేరు కావాలె" అన్నాడు.

"నువ్వు తియ్యని కరెంటుకు నేను పొయ్యెందుకు ఆర్పాలె?" అన్నాను నేను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆపితే చేయని నేరం ఒప్పుకున్నట్టే కదా అని నా వాదన. లోపలికి చూస్తే మా అత్తమ్మ ఒక్కో అచ్చునూ తుడిచి, నూనె రాసి, పాత చీర ముక్కలో చుట్టి పెడుతోంది. తండ్రి ఇచ్చిన అచ్చులు. ఆమె ఏడవడం లేదు, దేన్నో సాగనంపే మనిషిలా శ్రద్ధగా చుడుతోంది. ఆయన పేరా, నా పనా అని తేల్చుకోమంటే నేను రెండూ వదలనని ఆ నిమిషంలోనే అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలియదు.

మర్నాడు పొద్దుగూకాక గల్లీ పెద్దలు నలుగురు మాట్లాడటానికి వచ్చారు. శేటు ఉన్నాడు, పక్కింటి ఖాలా, లక్కగాజులు చేసే ఆమె భర్త కూడా ఉన్నారు. ఖాలా నాకు తల్లి లాంటిది, ఆమె కొలిమి బొగ్గు నా పొయ్యికి, నా మైనం ఆమె గాజులకు అటూ ఇటూ నడుస్తూనే ఉండేవి. అందరూ వరండాలో చాప మీద కూర్చున్నారు. మధ్యలో సత్తుగిన్నె, అందులో తుకుడాల మంట. ఒకరి ముఖం ఒకరికి సరిగా కనబడటం లేదు. శేటుకు విసుగొచ్చింది.

"మోంబత్తుల ఇంట్ల గింత చీకటేంది? ఒక్కటి ముట్టియ్యరాదా?"

మా అత్తమ్మ తలెత్తి, చాలా మామూలుగా అడిగింది.

"ఎవ్వరు సచ్చిన్రని ముట్టియ్యాలె శేటూ?"

శేటు చెయ్యి తనకు తెలియకుండానే గుండె మీదికి పోయింది. మొదట నవ్వింది ఖాలానే, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని. ఆ తరవాత నవ్వాపి, శేటు వైపు తిరిగింది.

"ఇన్నేండ్ల సంది వస్తున్న ఈ ఇంటికి, నిండు మోంబత్తి ముట్టిచ్చింది ఒక్కపారి చూడలే. తమ ఇంట్ల తుకుడాలతోని బతికేటోళ్ళు మీ ఇంట్ల చీకటి చేసి అమ్ముకుంటరా? కుచ్ తో అకల్ హోనా భాయ్, జరంత తెలివన్న ఉండాలె!"

అదే అదను అనుకుని నేను లేచాను. ఆ గిన్నెలోని ముక్కలు చూస్తుంటేనే నాకు దారి దొరికింది. ఈ రోజు నుంచి కరెంటు పోయిన వేళ మా గల్లీలో మోంబత్తి అమ్మను అని చెప్పాను. ఎవరింట్లో కారిన మైనం వాళ్ళు గీకి తెచ్చిస్తే, కొత్తది తీసుకుపోవచ్చు. నా అమ్మకమంతా గుళ్ళకూ, దర్గాలకూ, వేరే బజార్లకూ. మా గల్లీ చీకటితో నాకు పైసా రాదు, అప్పుడు నా భర్తను ఎవరంటారో చూస్తాను అన్నాను. చూస్తాను అన్నప్పుడు గొంతు కొంచెం పెరిగిందేమో, మా ఆయన చీకట్లో దగ్గాడు.

తెల్లారి మొదట వచ్చింది శేటే. బుట్టెడు వంగిపోయిన మోంబత్తులు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఇవి కూడా కారిన మైనం కింద లెక్కేనా అని అడిగాడు, నా ముఖంలోకి చూడకుండా. లెక్కే అన్నాను. అత్తమ్మ అచ్చుల మూటలు విప్పింది. ఆ మధ్యాహ్నమే ఖాలా భర్త, శేటు కలిసి ఆఫీసుకు పోయి, తాము పొరపడ్డామని, ఆ ట్రాన్స్‌ఫార్మర్ గురించి మా లైన్‌మన్ ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాడని చెప్పి వచ్చారు. బదిలీ మాట ఆగిపోయింది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బండి మీద వచ్చినప్పుడు, దాన్ని దింపడానికి పట్టిన చేతులన్నీ మా గల్లీవే.

అక్కడి నుంచి చాలా ఏళ్ళు అలా నడిచింది. కరెంటు వచ్చిన మర్నాడు పిల్లలు పేపరు పొట్లాల్లో మైనం తెచ్చేవాళ్ళు, అందులో అగ్గిపుల్లలు, మసి, అప్పుడప్పుడు ఒక చీమ. ఖాలా ఇంటి నుంచి దర్గాలో వెలిగించిన ఎర్రవాటి ముక్కలు, శేటు ఇంటి నుంచి దీపావళికి గోడ మీద పెట్టిన పచ్చవి, మా గుడి నుంచి తెల్లవి. అన్నీ కరిగించి గుడ్డలో వడగడితే ఏ రంగూ కాని ఒక బూడిద రంగు వచ్చేది. చూడటానికి అందంగా ఉండేది కాదు, కానీ చక్కగా వెలిగేది. దానికి గల్లీ మోంబత్తి అని పేరు పడింది. వేరే గల్లీవాళ్ళు అడిగినా ఇచ్చేవాళ్ళం కాదు. మా ఆయన్ను మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు, ఇవాళ ఎవరింట్లో చీకటి అని ఏడిపించడం మాత్రం మానలేదు.

ఎనభైల్లో మా అత్తమ్మ పోయింది. ఆమె అచ్చులోంచే ఒక నిండు మోంబత్తి తీసి తలాపున వెలిగించాను. మా ఆయన దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ వెలుగు చిన్నప్పుడు తండ్రి పోయినప్పుడు ఒకసారి, మళ్ళీ ఇప్పుడు చూడటం. తరవాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"నాకు గిట్ల నిండుది వద్దే. నాకు మన గిన్నెనే మంచిగుంటది."

ఆ మాట నేను దాచుకున్నాను. ఆ తరవాత ఇళ్ళలోకి ఎమర్జెన్సీ లైట్లు వచ్చాయి, ఇన్వర్టర్లు వచ్చాయి, మైనం పొట్లాలు తగ్గి తగ్గి ఆగిపోయాయి, అచ్చులు అటక ఎక్కాయి. గుల్‌గీర్ పట్టిన అత్తమ్మ తండ్రిని కరెంటు ఇంటికి పంపినట్టే నన్నూ పంపింది. నేనేమీ నొచ్చుకోలేదు, వెలుగు ఎక్కువైందని ఏడ్చే మనిషిని కాను. మా ఆయన ఉద్యోగం పూర్తిగా చేసి, మంచిపేరుతో దిగి, చాలాకాలం నాతో ఉండి వెళ్ళిపోయాడు. ఆయన సమాధి మీద మొదటి ఏడు నుంచీ నేను పెట్టేది ఆ గిన్నే.

ఈ ఏడు గుడిలో తుకుడాలు దొరక్కపోయేసరికి, మనవరాలిని తీసుకుని మాదన్నపేట గల్లీకే వెళ్ళాను. శేటు కొట్టు చోట మొబైల్ దుకాణం ఉంది. ఖాలా లేదు, ఆమె కోడలు గాజుల దుకాణం నడుపుతోంది. మైనం ముక్కలు కావాలంటే ఆ కోడలు తెల్లబోయింది, ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించి ఎన్నాళ్ళో అయిందట. కాసేపు ఆలోచించి, దుకాణం షట్టర్ పక్కన గూట్లోంచి బొటనవేలంత ముక్క ఒకటి తీసి ఇచ్చింది. షట్టర్ బిగుసుకుపోతే దాని అంచులకు రుద్దుతారట, వాళ్ళ అత్త చేసినట్టే. ఏ రంగూ కాని బూడిద రంగు. నేను దాన్ని ముక్కున పెట్టుకుని వాసన చూస్తూ నిలబడిపోయాను, మనవరాలు నా భుజం పట్టుకుని కదిపేదాకా.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయినా మనకు తెలియదు, జనరేటర్ తనంతట తానే అందుకుంటుంది. మంచిదే. కానీ ఒకరి తలుపు ఒకరు కొట్టి ఎన్నాళ్ళైందో నాకు గుర్తులేదు. ఎదుటి ఫ్లాటులో ఉండే మనిషి ఏం పని చేస్తాడో తెలియదు కనుక, ఆయన్ను దొంగ అని అనుమానించే అవసరం కూడా మాకు రాదు, తప్పైందని బుట్ట పట్టుకుని రావలసిన అవసరం ఎవరికీ రాదు.

పండుగనాడు ఆ ముక్కను నాలుగు తుకుడాలు చేసి గిన్నెలో వేసి ముట్టించాను. గాలికి ఒకసారి ఆరింది, మళ్ళీ ముట్టించాను. మనవరాలు చున్నీ అడ్డం పట్టుకుని, చుట్టూ సమాధుల మీద నిలువెత్తున వెలుగుతున్నవాటిని చూసి, ఇప్పటికైనా చెప్పు నానమ్మా, తాతకు ఒక్క మంచిది ఎందుకు పెట్టవు అంది.

"నిండుది పోయినోళ్ళకు ముట్టిస్తరు బిడ్డా" అన్నాను.